శకుంతల మేడం తట్టిన తలుపులు

మొన్న ఒక పని మీద ఆర్మూర్ వెళ్లి, ఒక ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్నాను. లోపల గదిలో పాత కంప్యూటర్ ఒకటి ఠంగుమని మోగింది. ఏదో పొరపాటు జరిగిందని చెప్పడానికి ఆ పాత యంత్రాలు చేసే చప్పుడు అది. ఆ వెంటనే మౌస్ నొక్కిన చప్పుడూ వినిపించింది. అంటే లోపలున్న మనిషి తెర మీద ఏం రాసి ఉందో చదవకుండానే మూసేశాడన్నమాట. నాకు తెలియకుండానే నా చేయి ముందుకు లేచింది. ఆ చప్పుడుకు ఎవరైనా తొందరపడితే శకుంతల మేడం వాళ్ల మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి ఆపేది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. నా మణికట్టుకు మాత్రం ఆ స్పర్శ ఇంకా గుర్తే.

శకుంతల మేడం, రైతుల పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి వ్యాపారుల కుటుంబంలో పుట్టింది. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త చనిపోయాడు. అన్న తన దుకాణంలో లెక్కలు రాయమని పిలిచినా వెళ్లకుండా, బస్టాండు వెనక వీధిలో ఎరువుల దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకుని టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. మా నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. ఇంటర్ అయ్యాక నన్ను అక్కడ చేర్పించాడు. నేను టైపు నేర్చుకుంటుండగానే మిషన్లు ఒక్కొక్కటీ మూలకు చేరి, వాటి చోటికి కంప్యూటర్లు వచ్చాయి. బయట బోర్డు మీద ‘నెట్ సెంటర్’ అని కొత్త అక్షరాలు పడ్డాయి. మేడం నన్ను పనిలో పెట్టుకుంది. అదే నా మొదటి ఉద్యోగం.

బ్యాంకు ఖాతాను ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చన్న సంగతి మా ఊరికి అప్పుడప్పుడే తెలుస్తున్న రోజులవి. మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు పసుపు పంపిన సేట్లు డబ్బు పడిందో లేదో చూసుకోవడానికి వచ్చేవాళ్లు. వాళ్లకంటే ఎక్కువగా, భర్తలు దుబాయిలో పనిచేసే ఆడవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు. బ్యాంకులో వరుసలో నిలబడే బదులు మా దగ్గర కూర్చుంటే కాసేపట్లో పని అయిపోతుందని వాళ్ల ఆశ. కాని ఆ కాసేపు తరచుగా పూటంతా అయ్యేది. బ్యాంకు సైటు సగం తెరుచుకుని ఆగిపోయేది. పాస్‌వర్డ్ కొట్టే చిన్న కిటికీ తెరుచుకోవలసిన చోట బ్రౌజరే దాన్ని అడ్డుకునేది. ఒకరు వాడిన పేజీ ఇంకొకరికి కనిపించేది. మేడంకు ఇవన్నీ ముందే తెలిసినవి కావు. బ్యాంకు వాళ్ల ఫోను పట్టుకుని, అందులో వచ్చే సంగీతం వింటూ, ఓపికగా కూర్చుని ఒక్కొక్కటే నేర్చుకుంది.

ఒక పొద్దున రాజేశ్వర్ సేటు కూర్చున్న కంప్యూటర్లో హెచ్చరిక వచ్చింది. ఈ సైటు ధ్రువీకరణ పత్రం ఇప్పుడు చెల్లదు, అయినా ముందుకు వెళ్తారా అని దాని అర్థం. యార్డులో వేలం మొదలయ్యే వేళ. సేటు కాళ్లు ఆడిస్తున్నాడు.

“ఎస్ కొట్టరాదమ్మా. అందరు గదే కొడుతరు” అన్నాడు.

“అదేదో చెప్తున్నది సేటూ. జర చదువనియ్యుండ్రి” అంది మేడం.

ఆమె చదివింది, మళ్లీ చదివింది. ఇంకో కంప్యూటర్లో అదే సైటు తెరిచి చూసింది. అక్కడ ఏ హెచ్చరికా లేదు. చివరికి తెర మూలన ఉన్న తారీఖు చూస్తే అది కొన్నేళ్ల వెనక ఉంది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ తన కాలాన్ని తానే మరిచిపోతోంది. తారీఖు సరిచేయగానే సైటు మామూలుగా తెరుచుకుంది. అప్పటికే సేటు చిరాకుపడి వెళ్లిపోయాడు. ఇంతోటి దానికి మంచి గిరాకీని పోగొట్టుకున్నామని నాకు అనిపించింది. మేడం మాత్రం, ఇవాళ తారీఖు తప్పు కావచ్చు, రేపు నిజంగానే దొంగ సైటు కావచ్చు, చదవకుండా ఎస్ కొట్టడం అలవాటైన చేతికి రెండూ ఒకటే అని చెప్పింది.

ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లకు ఆమె మొదట నేర్పింది తాళం బొమ్మ చూడటం. బ్రౌజర్ కింది మూలన చిన్న పసుపు తాళం కనిపిస్తేనే పాస్‌వర్డ్ కొట్టాలి, లేకపోతే లేచి వచ్చేయాలి. చదువు రాని వాళ్లు కూడా ఆ తాళాన్ని గుర్తుపట్టేవాళ్లు. ఏర్గట్ల నుంచి వచ్చే సాయవ్వ అయితే కుర్చీలో కూర్చుంటూనే తాళం మీద వేలు పెట్టి మేడం వైపు చూసి నవ్వేది. ఆమె భర్త దుబాయిలో కట్టడాల మీద పనిచేస్తున్నాడు. ఊళ్లో ఇల్లు మొదలుపెట్టారు. గోడలు లేచాయి, స్లాబ్ పడలేదు. స్లాబ్‌కు సరిపడా డబ్బు చేరగానే అతను తిరిగి వచ్చేయాలని అనుకున్నారు. ఆ సంగతి సాయవ్వ ప్రతిసారీ చెప్పేది. మేమూ ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వినేవాళ్లం.

బ్యాంకు సైటులో తెర మీదే అక్షరాల పలక వచ్చేది. కీబోర్డు మీద కొట్టకుండా ఆ పలక మీద మౌస్‌తో నొక్కితే పాస్‌వర్డ్ భద్రంగా ఉంటుందని బ్యాంకు వాళ్లు చెప్పేవాళ్లు. మేడం అందరి చేత అలాగే చేయించేది. ఒక వారం మా మూడో కంప్యూటర్లో ఆ పలక రావడం మానేసింది. మేడం పాత ఫైళ్లన్నీ చెరిపి చూసింది, బ్రౌజర్ తీసేసి మళ్లీ వేసింది, ఫోనులో వాళ్లు చెప్పినవన్నీ చేసింది. ఏదీ పనిచేయలేదు. ఆ రోజు సాయవ్వ వచ్చేసరికి మిగతావాటి ముందు డిగ్రీ పరీక్షల ఫలితాలు చూసే పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. ఏర్గట్ల బస్సుకు వేళవుతోంది. మేడం కొంచెంసేపు తటపటాయించి, ఈ ఒక్కసారికి కీబోర్డు మీదే కొట్టుకొమ్మంది.

తర్వాత కొద్ది రోజులకు సాయవ్వ తన మరిదితో కలిసి మెట్లెక్కి వచ్చింది. ఖాతా ఖాళీ అయిపోయింది. డబ్బు ఎక్కడో దూరపు ఊళ్లోని ఖాతాకు వెళ్లి, అక్కడి నుంచి మాయమైంది. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టారు కాబట్టి తాము చేయగలిగింది లేదని బ్యాంకులో చెప్పారట. మరిది గట్టిగా మాట్లాడుతున్నాడు. సాయవ్వ అతన్ని పక్కకు జరిపి మేడం ముందుకు వచ్చింది.

“తాళం చూసిన మేడం. మీరు చెప్పినట్టే చూసి కొట్టిన” అంది.

మేడం ఆమె వైపు కుర్చీ జరిపింది.

“మీరు తియ్యలేదని నాకెరుకే. గానీ మీ కుర్చీల కూసున్నంకనే పోయినయ్” అని సాయవ్వ కొంగుతో ముఖం ఒత్తుకుని మెట్లు దిగింది.

పోలీసులు వచ్చి మూడో కంప్యూటర్‌ను, గిరాకీల పేర్లు రాసే రిజిస్టరును తీసుకుపోయారు. నిజామాబాద్ నుంచి వచ్చిన టెక్నీషియన్, ఎవరో గిరాకీలా కూర్చుని దాంట్లో ఒక దొంగ ప్రోగ్రాం ఎక్కించాడని తేల్చాడు. కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరాన్నీ అది చాటుగా బయటికి పంపుతుంది. అక్షరాల పలక రాకపోవడానికి కారణం కూడా అదే అయి ఉండొచ్చు, కాకపోనూవచ్చు అన్నాడు. తాళం దారికి మాత్రమే కాపలా అనీ, దొంగ గదిలోనే ఉంటే అది ఏమీ చేయలేదనీ అతను చెబుతుంటే మేడం గోడకు ఆనుకుని వింది. దాన్ని ఎక్కించిన మనిషి ఎవరో చివరిదాకా తెలియలేదు.

మేడం మీద కేసు పెట్టలేదు. అక్కడితో ఊరుకుని ఉంటే కొన్నాళ్లకు ఊరు మరిచిపోయేదేమో. ఆ సాయంత్రమే ఆమె అన్న వచ్చి అదే మాట అన్నాడు.

“పోయినయి ఒక్కదానియే. అందరికి చెప్పుకుంట తిరిగి దుకాణం ఎందుకు ముంచుకుంటవ్?”

“ఇంకెవలయి పోతయో మనకెరుకనా అన్నా?” అంది మేడం.

మర్నాటి నుంచి మేడం, నేను ఇల్లిల్లూ తిరిగాం. రిజిస్టరు చేతిలో లేదు. ఆ కంప్యూటర్ ముందు ఎవరెవరు కూర్చున్నారో గుర్తున్నంతవరకు చెప్పుకుంటూ వెళ్లాం. మార్కెట్ యార్డు చుట్టూ దుకాణాలు, గోల్ బంగ్లా వైపు ఇళ్లు, జక్రాన్‌పల్లి, ఏర్గట్ల. చాలా చోట్ల లోపలికి రమ్మనలేదు. మేడం గడప బయటే నిలబడి, మా కంప్యూటర్లో దొంగ ప్రోగ్రాం దొరికిందనీ, ఇవాళే బ్యాంకుకు వెళ్లి పాస్‌వర్డ్ మార్చుకొమ్మనీ, తన దగ్గరకు మాత్రం రావద్దనీ చెప్పేది. చెప్పాక మాట్లాడకుండా నిలబడేది. అవతలి వాళ్లు ఏమంటే అది వినేది. జక్రాన్‌పల్లిలో ఒక స్కూలు సారు, రోడ్డు మీద నలుగురు వింటుండగా, నువ్వే పెట్టించావేమో ఎవరికి తెలుసు అన్నాడు. మేడం తల దించుకోలేదు, ఎదురు చెప్పలేదు. అతని భార్య లోపలి నుంచి వచ్చి, బ్యాంకులో ఎవరిని కలవాలి అని అడిగినప్పుడే మళ్లీ నోరు విప్పింది.

తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. మీ తప్పు లేదని ఒక్క మాట ఎందుకు చెప్పరని అడిగాను. మేడం కిటికీలోంచి హైవే వైపు చూస్తూ జవాబు చెప్పింది.

“వాళ్లు భయపడ్డరు సుజాతా. గా టైంల నా తప్పు లేదని చెప్తే, వాళ్ల ఫికర్ ఇడిసిపెట్టి నన్ను ఓదార్చాల్నా? అయినా నా తప్పు అసలే లేదని నాకే తెల్వది.”

మేము చెప్పిన వాళ్లలో ఇంకెవరి డబ్బూ పోలేదు. అది మా తిరుగుడు వల్లనో, దొంగకు వేళ చిక్కకనో ఎవరికీ తెలియదు. డబ్బు పోని వాళ్లు ఎందుకు కృతజ్ఞతగా ఉంటారు? మెట్ల మీద చెప్పుల చప్పుడు తగ్గిపోయింది. రాజేశ్వర్ సేటు వీధిలో ఎదురైతే చూపు తిప్పుకునేవాడు. పసుపు సీజన్ ముగిసేలోగా బోర్డు దించేశాం. కంప్యూటర్లు అమ్మగా వచ్చినది మేడం తీసుకెళ్లి సాయవ్వ చేతిలో పెట్టింది. సాయవ్వ వద్దనలేదు. వద్దనగలిగే స్థితిలో లేదు. భర్త తిరుగు ప్రయాణం మానుకుని అక్కడే ఇంకో పనిలో చేరాడని అప్పుడే తెలిసింది.

మేడం అన్న దుకాణంలో లెక్కలు రాయడానికి కూర్చుంది. ఇన్నేళ్లూ వెళ్లనన్న చోటు అది. ఎప్పుడైనా నేను అటు వెళ్తే కళ్లద్దాలు సర్దుకుని, బాగున్నావా అని అడిగేది తప్ప ఎక్కువ మాట్లాడేది కాదు. కంప్యూటర్ల ఊసు ఎత్తేది కాదు. నాకు హైదరాబాద్‌లో ఒక బ్యాంకు ఫోన్ సేవల ఆఫీసులో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మాత్రం నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆఖరిసారి ఆమెను నిజామాబాద్ దవాఖానలో చూశాను. కిడ్నీలు పాడై, మనిషి సగమైపోయింది. నా పని గురించి ఒకటి రెండు మాటలు అడిగింది. తర్వాత కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని నేను లేవబోతుంటే, సాయవ్వ ఇంటికి స్లాబ్ పడిందా అని అడిగింది. నాకు తెలియదు. కనుక్కుని వచ్చి చెబుతానన్నాను. తర్వాతి సెలవులో ఏర్గట్ల వెళ్లాను. స్లాబ్ పడింది. భర్త మాత్రం ఇంకా దుబాయి నుంచి రాలేదు. ఆ సగం మంచి కబురైనా చేరవేద్దామని నిజామాబాద్ బస్సెక్కబోతుంటే మేడం అన్న కొడుకు ఫోన్ చేసి, మేనత్త తెల్లవారుజామున పోయిందని చెప్పాడు.

ఇప్పుడు నా పని, మోసం జరిగిన ఖాతాల వాళ్లకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పడం. చెప్పగానే అవతలి వైపు ఒక నిశ్శబ్దం వస్తుంది. పనిలో కొత్తగా చేరినవాళ్లు ఆ నిశ్శబ్దాన్ని భరించలేరు. ఇందులో బ్యాంకు తప్పేమీ లేదండీ అని వెంటనే మొదలుపెడతారు. నేను ఏమీ అనను. అవతలి మనిషి ఊపిరి వింటూ ఉంటాను. తిడితే వింటాను. ఏడిస్తే వింటాను. ఇప్పుడు నేనేం చేయాలమ్మా అని వాళ్లు అడిగాక, చేయవలసినవి ఒక్కొక్కటే చెబుతాను. ఆ ఫోన్లు చేసేటప్పుడు నేను కుర్చీలోంచి లేస్తానని మా ఆఫీసులో అందరికీ తెలుసు. నడుము నొప్పి అనుకుంటారు. ఆ మాట కూర్చుని చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.