మా నాయన ఇచ్చిన ఎక్స్ క్రోమోజోమ్

రైలు ఇంజను నడిపే ఉద్యోగానికి మా అబ్బాయి రాతపరీక్ష పాసయ్యాడని తెలిసిన రోజు ఇంట్లో అందరూ మిఠాయి తింటుంటే నేను మాత్రం నా వంతు పక్కన పెట్టేశాను. ఇంకా వైద్య పరీక్ష ఉంది. అందులో రంగులు గుర్తుపట్టమంటారు.

నేను కడపలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. వర్ణాంధత్వం ఏటా చెప్పే పాఠమే. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియకుండా చేసే జన్యులోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాడికి ఎక్స్ ఒక్కటే, అది తల్లి ఇచ్చేది. ఆడవాళ్లకు రెండు. ఒకదాంట్లో లోపమున్నా రెండోది ఆదుకుంటుంది కనుక చూపు మామూలుగానే ఉంటుంది, లోపాన్ని మాత్రం మోస్తారు.

మా నాయనకు ఆ తేడా తెలియదు. వేంపల్లె దగ్గర మా పొలంలో టమోటా కోతకు దిగితే కాయా పండూ ఒకే గంపలో వేసేవాడు. "కండ్లు యాడ పెట్టుకోని కోస్తాండావు?" అని అమ్మ కసిరేది. ఇక అప్పట్నుంచి ఒక్కొక్కటీ నొక్కి చూసి కోసేవాడు. అది అజాగ్రత్త కాదని ఇంటర్ చదివేటప్పుడు నాకు తెలిసింది. ఇంట్లో చెబితే ఎవరూ పట్టించుకోలేదు.

ఆయనకున్న ఒక్క ఎక్స్ నాకు తప్పకుండా వచ్చింది. అండం తయారయ్యేటప్పుడు కణం విడిపోయి, నా రెండు ఎక్స్‌లలో ఒకటే అందులోకి చేరుతుంది. మా వాడికి ఏది చేరింది? చిన్నప్పుడు రంగులు సరిగ్గానే చెప్పేవాడు. అయినా కొందరిలో లోపం కొద్దిగానే ఉంటుంది, పరీక్షలో గాని బయటపడదు.

ఆ రోజుల్లో ఒకచోట కూర్చోలేకపోయాను. క్లాసులో చెబుతున్నది మధ్యలో ఆగిపోయేది. వంటింట్లో మా వాడికి మిరపకాయ ఎత్తి చూపి, "ఇదేం రంగు?" అన్నాను.

"ఎరుపు. నిన్న గూడా అడిగినావు. ఏమైందిమ్మా?"

చెప్పేశాను.

"ఆడ పరీక్షకు పోయినాక తెలిసేదానికంటే ముందే చూపించుకుందాం" అన్నాడు.

కర్నూలులో రైలు సిగ్నళ్ల మాదిరి దీపాలు చూపి రంగులు చెప్పించే పరీక్ష కూడా చేసే కంటి డాక్టరు ఉన్నాడని విని బయలుదేరాం. మా దగ్గరే ఉంటున్న నాయన, "నేనూ వస్తా" అంటూ మాతోపాటు బస్సెక్కాడు.

డాక్టరు రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం తెరిచాడు. మొదటి పేజీలోని అంకె రంగులు తెలియనివాళ్లతో సహా అందరికీ కనబడుతుందని నాకు తెలుసు. రెండో పేజీ తిప్పేసరికి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా వాడు ఎక్కడా తడబడకుండా చివరిదాకా చదివాడు. దీపాల రంగులూ చెప్పాడు.

"బాగుండాయి కండ్లు. భయం లేదు" అన్నాడు డాక్టరు.

నాయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఏదప్పా, నాకూ చూపీ." మొదటిది చదివాడు. రెండో దాని దగ్గర ఆగాడు. "ఈడేముండాది? అన్నీ చుక్కలే గదా."

"అంకె ఉంది తాతా. ఇదిగో, ఇట్ల తిరుగుతుంది." మనవడు వేలితో గీసి చూపించాడు. ఆ దారినే నాయన వేలు కూడా పోయింది. ఏమీ కనబడలేదు.

"మీకందరికీ కనపడతాందా?"

"పుట్టుకతోనే అంతేప్పా. మందు లేదు. ముదిరేదీ కాదు" అన్నాడు డాక్టరు.

నాయన నావైపు తిరిగాడు. "మీ అమ్మ శానా తిట్టింది గదమ్మా నన్ను" అని నవ్వాడు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. నాకు నవ్వు రాలేదు.

ఇంటికి రాగానే, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి తలుపు తీసింది. వాళ్లన్న చూపు బాగుందని విని గంతులేసింది. అంతలోనే, "మరి నాకేది వచ్చింటాదిమ్మా?" అంది.

"చెప్పలేం. మీ నాన్నకు రంగులు బాగానే తెలుస్తాయి గనక నీ చూపుకైతే ఏం కాదు. మోస్తున్నావో లేదో జన్యు పరీక్షలోనే తేలాలి."

"ఇప్పుడే చేయించుకోవాల్నా?"

"అవసరం లేదు. పెద్దయినాక నీకే తోస్తే చూద్దాం."

తల ఊపి చదువుకోవడానికి వెళ్లిపోయింది. ఆ తర్వాత అబ్బాయి వైద్య పరీక్ష నెగ్గాడు, సరుకు రైళ్ల మీద పనిలో చేరాడు. నాకు మాత్రం ఆ పాఠం వచ్చిన రోజున ఇప్పటికీ నిలకడ ఉండదు. బోర్డు మీద గీస్తూ గీస్తూ, వీళ్లలో ఎవరు తెలియకుండా మోస్తున్నారో అని ఆడపిల్లల బెంచీల వైపు తిరిగి చూస్తుంటాను.