మట్టి రాజు మెడ విరిచిన సారు

మా డ్రాయింగ్ సారు పోయారని మొన్న పొద్దున బెళుగుప్ప నుంచి ఫోన్ వచ్చింది. "ముసలాయన పోయినాడన్నా, వస్తావేమోనని చెప్తాండా" అని పెట్టేశాడు పాత స్నేహితుడు. గొంతులో బాధేమీ లేదు. నాకు ఆశ్చర్యం కలగలేదు. సారును ఇష్టపడడం ఎవరికీ అంత సులువు కాలేదు.

హైస్కూల్లో బొమ్మలు నేర్పే ఆయన, తొంభైల చివర్లో వేసవి వస్తే ఊరివాళ్ళ చేత పౌరాణిక నాటకం ఆడించేవారు. నాది రాణి వేషం. మమ్మల్ని నిలబెట్టకముందే నాటకమంతా మట్టితో ఆడించి చూసుకునేవారు. ఆపిల్ పండ్ల చెక్కపెట్టె ఆయన రంగస్థలం. పాత చీర అంచు తెర. ఎండిన చెరువులోంచి తెచ్చిన బంకమట్టిని నానబెట్టి, దూది కలిపి పిసికి, సైకిలు పుల్లల్ని ఎముకలుగా పెట్టి జానెడు బొమ్మలు చేసేవారు. కళ్ళకు ఆవగింజలు, కిరీటానికి సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం. మట్టి నెర్రెలివ్వకుండా తడిగుడ్డ కప్పి, పసిబిడ్డను చూసినట్టు లేచి లేచి చూసుకునేవారు.

"తాగనీకి నీళ్ళు ల్యాకుంటే ఈ మనిషికి బొమ్మలకు కావల్లంట" అని ఆయన భార్య గొణిగేది. సారు పట్టించుకునేవారు కాదు. "మట్టి చెప్పినట్టు వింటాది. మీరు వినరు" అనేవారు మాతో.

ఒక ఏడు రాజు వేషం గొర్రెలు మేపే ఒక యువకుడికి ఇచ్చారు. అతని గొంతు విని సారే బీడు దాకా వెళ్ళి పిలుచుకొచ్చారు. రాజు బొమ్మకు అతని ముఖమే పెట్టారు. అదే చప్పిడి ముక్కు, అవే ఎత్తు దవడలు. "నేనేనా సారూ?" అని అతను తన ముఖం తడుముకుని సిగ్గుపడ్డాడు. కూర్చుని పాడితే పద్యం ఖంగుమనేది. నడుస్తూ పాడమంటే మాట తడబడేది.

చివరి రిహార్సల్ చూడడానికి అతని తల్లి కూడా వచ్చి అరుగు కింద కూర్చుంది. సింహాసనం దగ్గర పద్యం సగంలో అతని మాట ఆగిపోయింది. సారు లేచి, పెట్టెలోంచి రాజు బొమ్మను తీసి, దాని మెడ విరిచి తలను అతని కాళ్ళ ముందు పడేశారు.

"నీకు గొర్రెలే సరి. పో. వాటికి నత్తి తెలీదు."

తల్లి వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుని "పదప్పా" అంది. అతను ఆ తలను దాటుకుని వెళ్ళిపోయాడు. వేషం ఇంకొకరు కట్టారు.

నేనిప్పటికీ అనంతపురంలో నాటకాలాడుతున్నాను. ఎక్కడ నిలబడితే వెనకవాడి ముఖం జనానికి కనబడుతుందో, అదంతా సారు చెక్కపెట్టె ముందు కూర్చునే నేర్చుకున్నాను. ఆ మేలు మరువలేను. ఆయన చేసిందీ మరువలేను. ఒకసారి ఆ సంగతి ఎత్తితే, "మంచి బొమ్మప్పా, పోయింది" అన్నారు. మనిషి గురించి ఏమీ అనలేదు.

కొన్నేళ్ళకు సారుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట పడిపోయాయి. నేను చూడడానికి వెళ్ళిన రోజే ఆ గొర్రెల కాపరీ వచ్చాడు. మడకశిర వైపు ఒక నాటక సమాజంలో చేరి, అప్పటికి రాజు వేషానికి పేరు తెచ్చుకున్నాడు. గూట్లోంచి ఒక పాత బొమ్మను తీసి సారు గుండెల మీద నిలబెట్టాడు.

"చెప్పు సారూ. యాడ నిలబడల్ల నేను?"

సారు నోరు తెరిచారు. చొంగ కారింది తప్ప మాట రాలేదు.

"నిదానంగానే చెప్పు. నాకేం తొందర ల్యా."

"ఇంక చాలప్పా" అంది సారు భార్య, కొంగుతో ఆయన మూతి తుడుస్తూ.

అతను వెనుదిరిగి, ఆనాడు ఆగిపోయిన పద్యాన్నే ఎత్తుకున్నాడు. గడప దాకా నడుస్తూ ఒక్క అక్షరం తడబడకుండా పాడి, రాగం చివరిదాకా తీసి, చెప్పులేసుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు.

పాట ఆగిపోయాక కూడా సారు ఎడమచేతి వేళ్ళు దుప్పటి మీద తాళం వేస్తూనే ఉన్నాయి.