ఆపా కాచిన ఉప్పునీళ్లు

మా పక్కింటి ఆపా మొన్న శుక్రవారం కన్నుమూసింది. నారాయణఖేడ్‌లో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఆపాయే, అక్కే. బడిలో పంతులమ్మ. కాని అసలు బడి ఆదివారాలు ఆమె వంటింట్లో నడిచేది.

అక్కడ పిల్లల చేతుల్లోనే నెయ్యి గడ్డకట్టేది, కరిగేది. మంచుగడ్డ సంగతి వేరే చెప్పాలి. జహీరాబాద్ నుంచి రంపపు పొట్టులో చుట్టి బస్సులో తెప్పిస్తే, మా ఊరికి పొట్టు ఒక్కటే క్షేమంగా చేరేది. సరే, అది పక్కన పెడదాం.

ఎనభైలలో ఒక రంజాన్ నెల. ఉప్పునీళ్లలోంచి మంచినీళ్లు తీసి చూపిస్తానని గిన్నె పొయ్యెక్కించింది. మూత చుట్టూ పిండి మెత్తి, రాగి గొట్టం దూర్చి, దానికి తడిగుడ్డ చుట్టింది. కొసన గ్లాసులో చుక్క చుక్క. మా వైపు సారా కాచేదీ అచ్చం అలాగే. ఇక చూడండి!

ఎదురింటామె తన బిడ్డ నోరు వాసన చూసింది. "ఇంటికొస్తే ఆవిరి, ఆవిరి అంటుంది. ఆ ఆపా ఏం తాపుతుందో ఏమో!" ఆ మాట ఊరు తిరిగి, మరుసటి ఆదివారం గిన్నె మళ్లీ పొయ్యెక్కేసరికి ఆబ్కారీ జవానును వెంటబెట్టుకొచ్చింది. సారా కేసు పడితే ఆపా కొలువు పోతుంది. పరువు అంతకన్నా ముందే పోతుంది.

"ఏముంది ఆపా గిలాసల?"

"నీళ్లు."

జవాను మూతి దగ్గర పెట్టుకుని పీల్చాడు. "వాసనొస్తలేదు. గందుకే అనుమానం."

"రుచి చూడు మరి."

"డ్యూటీ మీదున్న, ముట్ట. నువ్వే తాగు."

"రోజా ఉన్న కదా భయ్యా, పొద్దుగూకేదాక నీళ్లు గూడ ముట్ట."

"చూసిన్రా, తాగనంటుంది!" అంది గుమ్మంలోంచి ఎదురింటామె.

మేం తాగుతామంటే మేమని పిల్లలు ఎగబడ్డారు. జవాను అడ్డం నిలబడ్డాడు. "కాచినోళ్లే తాగాలె. పొద్దుగూకేదాక కూసుంటా."

ఆపా కోపం చేయలేదు. "అనుమానం మంచిదే భయ్యా. ఊకె కూసున్న అనుమానమే పనికిరాదు. గుడ్డ ఆరుతుంది, తడుపు," అని చెంబు చేతికిచ్చింది. ఆ మాట తర్వాత నాకు చాలా చోట్ల అక్కరకొచ్చింది.

జవాను తడుపుతూ, "ఆవిరి మళ్ల నీళ్లెట్లయితది?" అన్నాడు.

"సల్లబడితే!" అని పిల్లలు ఒక్కసారిగా అరిచారు.

"గిట్ల చెప్పుమని నేర్పిందా?"

నేను మా రెండిళ్ల మధ్య గోడ మీది నుంచి వంటింటి కిటికీలోకి చూస్తూనే ఉన్నాను. నాకంటూ ఒక బడి ఉందంటే అది ఆ గోడే.

అజాన్ వినబడింది. ఆపా ఖర్జూరం కొరికి, అందరి కళ్లెదుటా ఆ గ్లాసెత్తి సగం తాగింది. ఎదురింటామె చరచరా లోపలికొచ్చి, మిగిలింది అందుకుని గుక్కెడు మింగింది. కాసేపు నాలుక చప్పరించి, "నీళ్లే," అని అడుగున ఉన్నది తన బిడ్డ చేతికిచ్చింది. కేసు అక్కడితో తీరింది. జవానుకు మాత్రం తీరలేదు.

"అయితే ఉప్పెటువోయింది?"

"మూత తియ్యి."

ఆపా అనగానే నాకిప్పటికీ కనబడేది అదే: చుట్టూ పిల్లల తలలు, మధ్యలో మోకాళ్ల మీద కూర్చున్న ఖాకీ బట్టల మనిషి, డ్యూటీ సంగతి మరిచి, గిన్నె అడుగున తెల్లగా పేరుకున్నదాన్ని వేలితో గీకి నాలుక మీద పెట్టుకోవడం.