ఎటు తల పెట్టినా ఉత్తరమే

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని మా ఇంటి నుంచి అల్ వక్రాకు వ్యాన్‌లో ఇరవై నిమిషాలు. ఖతార్ వచ్చిన ఏడాదిలో దోహా దాటి నేను వెళ్ళింది ఆ ఒక్కసారే. అందుకే డైరీలో దాన్ని ప్రయాణమనే రాసుకున్నాను.

కారణం ఒక కెనడా పైలట్. ఇప్పుడు సముద్రంలోని చమురు రిగ్గులకు హెలికాప్టర్ నడుపుతున్నాడు. అంతకు ముందు దక్షిణ ధ్రువం మీద, చక్రాలకు బదులు స్కీలు కట్టిన చిన్న విమానం నడిపాడు. మా అన్నయ్య పనిచేసే కంపెనీ క్యాంపులో శుక్రవారం సాయంత్రం అక్కడి స్లైడ్లు చూపిస్తానన్నాడు. క్యాంపులో ఎక్కువ మంది కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు.

"ధ్రువాల పుస్తకాలు తిరగేసేది నువ్వేగా, తెలుగులో నువ్వే చెప్పు," అన్నాడు అన్నయ్య. నలుగురిలో మాట్లాడే అలవాటు నాకు లేదు. అయినా ఆ విమానాల మీద ఆశతో ఒప్పుకున్నాను.

మూడున్నరకు వ్యాన్ వచ్చింది. మా ఇంట్లో ఉన్న ప్రొజెక్టర్ కోసం క్యాంపు నుంచి కార్పెంటర్ రాజన్న వచ్చాడు. నలభై దాటిన మనిషి, జగిత్యాల వైపు. దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు.

"చెల్లె, ఆడ చుట్టూ ఉత్తరమేనట గదా?"

"అవునండీ. దక్షిణ ధ్రువం మీద నిలబడితే ఎటు చూసినా ఉత్తరమే."

"మరి తల ఎటు పెట్టి పంటరు?"

ముందు సీట్లో అన్నయ్య నవ్వాడు. క్యాంపులో మంచాలన్నీ తలగడ ఉత్తరానికి వచ్చేలా వేశారట. రాజన్న ఒక్కడే తిరగబడి పడుకుంటాడట. "పక్క మంచం వాడి పాదాలకు రోజూ గుడ్ మార్నింగ్ చెప్తాడు," అన్నాడు.

"ఉత్తరం దిక్కు తల పెట్టొద్దని మా అవ్వ చెప్పింది సార్. ఎనిమిదేండ్ల సంది అందరు నవ్వుడే. ఇయ్యాల అందరి ముందట ఆ సార్‌నే అడుగుత. ఇంగ్లీషుల జెర చెప్పు చెల్లె."

చెప్తానన్నాను.

నాలుగింటికి చేరాం. మెస్ హాల్లో పాలు లేని సులైమానీ టీ ఇచ్చారు, కిటికీలకు దుప్పట్లు కట్టారు. గోడ మీద పడిన మొదటి స్లైడ్‌లో తెలుపు తప్ప ఏమీ లేదు. ఆకాశం, నేల ఒకే రంగులో కలిసిపోతే దిగేచోటు కనబడదనీ, అందుకని నల్ల సంచుల్లో మంచు నింపి వరసగా పెడతారనీ పైలట్ చెప్పాడు. ఆపిన ఇంజన్ చల్లబడితే నూనె గడ్డకడుతుందన్నాడు. ఒక్కో మాటా నేను తెలుగులోకి మార్చి చెప్పాను. బాగానే చెబుతున్నానని నాకే అనిపించింది.

చివర్లో రాజన్న లేచాడు. అతను అడగకముందే హాలంతా నవ్వింది. అడిగాడు. పైలట్ నా వైపు చూశాడు. మనవాళ్ళ గురించి ఈయన ఏమనుకుంటాడో అన్న ఒక్క ఆలోచన చాలింది.

"ఆయన మీకు థాంక్స్ చెబుతున్నారు," అన్నాను ఇంగ్లీషులో.

పైలట్ నవ్వి చెయ్యి ఊపాడు. రాజన్న ఇంకా నిలబడే ఉన్నాడు.

"సార్‌కు తెలియదట," అన్నాను తెలుగులో.

"రాజన్నా, సార్‌కు గూడ మాలూమ్ మాఫీ," అని వెనక నుంచి ఎవరో అరిచారు. "ఇగ కాళ్ళ దిక్కే పండుకో."

అయిదున్నరకు స్లైడ్లు సర్దుతూ పైలట్ నాతో అన్నాడు: "ఉత్తరం ఎటని ఎవరూ అడగలేదే. అక్కడ నేను మొదట అడిగింది అదే." అక్కడ అసలు ఉత్తరం దేనికీ పనికిరాదట. పైలట్లు మ్యాపు మీద నిలువు గీతలు గీసుకుని, ఒక వైపును ఉత్తరమని ఒప్పుకుంటారట. అందరూ దాన్నే నమ్మి ఎగురుతారట.

రాజన్న ప్రొజెక్టర్‌ను వ్యాన్‌లో పెడుతుంటే దగ్గరికి వెళ్ళాను.

"ఆయనకు తెలుసండీ. నేనే అడగలేదు." గీతల సంగతి చెప్పాను.

అంతా విన్నాడు. "నవ్వుతరని శరమైందా?"

తల ఊపాను.

"నన్ను ఎనిమిదేండ్లు నవ్విన్రు. నీకు ఒక్క దినానికే శరమైందా బిడ్డా." హాలు వైపు చూశాడు. కుర్చీలు ఖాళీ. "గా ముచ్చట వాళ్ళున్నప్పుడు చెప్తే అయిపోతుండె."

వ్యాన్ తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు.

వక్రా వెళ్ళేవాళ్ళు చేపల రేవు చూడకుండా రావద్దు. మేం ఆగలేదు. తిరుగు దారిలో సముద్రం కుడివైపు ఉంటుంది. అన్నయ్య బాగా చెప్పావని రెండుసార్లు మెచ్చుకున్నాడు. వ్యాన్ తిన్నగా ఉత్తరానికి పోతోంది. నేను తల ఎత్తలేక, ఒళ్ళోని కాగితం మీద నేను రాసుకున్న స్లైడ్ల పేర్లే చూస్తూ కూర్చున్నాను.