కబ్ద్‌కు మోసుకెళ్లిన కబురు

మా ఆఫీసులో అందరికన్నా బాగా అరబ్బీ రాయగలిగిన మనిషి ఉద్యోగం మానేసి, కువైట్‌లోనే కబ్ద్ ఎడారిలో ఒక తోటను చూసుకోవడానికి వెళ్లిపోయాడు. ఆయనది నిజామాబాద్ వైపు. ఫర్వానియాలో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం. పూర్వం చైనాలో తావో మార్గం పట్టిన పండితుడొకడు రాజుగారి కొలువు వదిలి కొండల్లోకి పోయాడనీ, రాజు ఎన్ని కబుర్లు పంపినా తిరిగి రాలేదనీ అన్నం తింటూ చెప్పేవాడు. కొండల్లో ఆ పండితుడికి బియ్యం ఎవరిచ్చారని మేం ఏడిపించేవాళ్లం. నిజంగానే పోతాడని ఎవరనుకున్నారు?

ఏడాదిలో ఆయన ఖాళీ చేసిన కుర్చీలో ఇద్దరు కూర్చుని లేచారు. అప్పుడు ముదీర్, అంటే మా మేనేజరు, నన్ను పిలిచాడు. శుక్రవారం వెళ్లి ఆయన్ని ఒప్పించి తీసుకురా, లేదా ఆదివారం నుంచి నువ్వే కూర్చో అన్నాడు. పేరుకు ప్రమోషనే. నాకు మాత్రం వద్దనిపించింది. వరసగా కొన్ని రోజులు పనికి రాని మనిషి మీద ‘పారిపోయాడు’ అని కాగితం రాయాల్సింది ఆ కుర్చీలో ఉన్నవాడే. ఆ కాగితం పడిందా, ఇఖామా ఖలాస్, ఈ దేశంలో ఉండే అనుమతి పోయినట్టే. మన ఊళ్ల నుంచి పనికొచ్చిన మావాళ్ల నోటి దగ్గర కూడు నా చేత్తో తీయలేను. అందుకే ఆయన్ని ఎలాగైనా లాక్కురావాలని బయలుదేరాను.

నేను వెళ్లేసరికి ఆయన పసుపు మొక్కలకు నీడగా గోనెపట్టా కడుతున్నాడు. ఊరి నుంచి తెప్పించిన కొమ్ములు. మొదటిసారి పెట్టినవన్నీ మాడిపోయాయట. మళ్లీ పెట్టాడు. కువైట్ ఎండలో పసుపు పండించాలనుకోవడం పసుపుకు పేరుపడ్డ ఆ జిల్లావాళ్లకే చెల్లింది. ముదీర్ మాట చెప్పాను, బతిమాలాను, చివరికి ఒళ్లు మండి, పిరికివాడిలా ఇసుకలో దాక్కున్నావన్నాను.

ఆయనకు కోపం రాలేదు. చాయ్ పోసి, ఒక జగిత్యాల మనిషి సంగతి చెప్పాడు. మావాళ్లకు ఒంట్లో బాగాలేకపోతే చెప్పరు. చెబితే ఇంటికి పంపేస్తారని భయపడి దుప్పటి ముసుగేసుకుని పడుకుంటారు. ఆ మనిషీ అలాగే పడుకున్నాడు. ఈయన వెళ్లి చూడకుండానే కాగితం రాసేశాడు. నిజం తెలిసేసరికి ఆ మనిషిని విమానం ఎక్కించేశారు. ఆ తర్వాత ఈయన ఆ కుర్చీలో కూర్చోలేకపోయాడు.

“నేను రాను తమ్మీ. నువ్వే కూసో. గని రాసే ముంగట వాని రూముకు పో. నీ కండ్లతోని సూసినంకనే కలం వట్టు.”

ఆదివారం కూర్చున్నాను. గంట గడవకముందే, కొన్ని రోజులుగా పనికి రావట్లేదంటూ ఒక పేరు వచ్చింది. యల్లా, రాసెయ్ అన్నాడు ముదీర్. చూసొచ్చి రాస్తానన్నాను. బస్సెక్కి ఆ మనిషి గదికి వెళ్లాను. దుప్పటి కింద ఒళ్లు కాలిపోతోంది. నన్ను చూసి లేవబోయాడు.

“రేపు అస్త సార్. కాయితం రాయకుండ్రి.”

చెప్పులు తొడిగించి, భుజం పట్టుకుని ఆసుపత్రికి నడిపించాను. డాక్టరు చీటీ తీసుకుని ఆఫీసుకొచ్చి, ముదీర్ చూస్తుండగానే రిజిస్టరు తెరిచాను. ఆ కుర్చీలో నేను రాసిన మొదటి మాట ‘జ్వరం’.