మగ్గానికి కట్టిన ట్యాంకు

నా దగ్గర పదకొండు మిలిటరీ బండ్లుండేవి. అన్నీ అరచేతిలో పట్టేవే. ఆదోని పత్తి మండీలో గుమాస్తాగా ఉండే నలభై అయిదేండ్ల మనిషికి ఆటబొమ్మలెందుకని ఎవరైనా అడిగితే, ఒక్కొక్కరికి ఒక్కొక్క కథ చెప్పేవాణ్ణి. రేకు జీపును బర్మా అడవిలో చీమలు మోసుకొచ్చి నా చిన్నాయన కాళ్ల దగ్గర పెట్టినాయని ఒకరికి. ఫిరంగిని లాగే లారీని ఒక దొర చలిజ్వరంలో వణుకుతూ నా చేతిలో పెట్టి కన్నుమూసినాడని ఇంకొకరికి. నిజానికి అన్నీ గుంతకల్లులో పాత సామాన్ల గుట్టల్లో ఏరుకున్నవి. లేనిదల్లా ట్యాంకు ఒక్కటే.

ఎమ్మిగనూరులో ఒక నేతగాని ఇంట్లో ఉందని మా మండీకి పత్తి తోలే బండాయన చెప్పినాడు. ఆ ఆదివారమే బస్సెక్కినాను.

ట్యాంకు ఉన్న మాట నిజమే. అయితే అది గూట్లో లేదు, మగ్గానికి వేలాడుతా ఉంది. చీర అంచుకు వేరే పోగులుంటాయి. అవి బిగువుగా ఉండేదానికి వెనకవైపు ఏదో ఒక బరువు కడతారు. అందరూ రాయి కడితే ఈయన ట్యాంకు కట్టినాడు. యుద్ధం ముగిసిన యేడు ఒక సిపాయి రెండు తువ్వాళ్లు తీసుకుని బదులుగా ఇచ్చిపోయినాడంట. సీసంతో పోసిన దొరల సీమ సరుకు. ఫిరంగి గొట్టం సగం విరిగింది, ఒక చక్రం వదులైంది, పచ్చరంగు మూలల్లో మాత్రం మిగిలింది. నాకు నోరూరింది.

"ఇయ్యనప్పా," అన్నాడాయన, పోగుల మధ్య నాడె విసరడం ఆపకుండానే. అరవై దాటిన మనిషి. "పదేండ్లుగా ఆడనే ఉంది. ఉండనీ."

ఆయనతో లాభం లేదని, కండెలు చుడుతున్న వాళ్ల ఇంటామె వైపు తిరిగినాను.

"వదినా, నూలుండే ఇంట్లో యుద్ధం బండి ఉండగూడదు. బళ్లారిలో ఒకాయన ఇట్లనే కట్టుకున్నాడు. పొద్దుకు నూరు పోగులు తెగినాయి. ఆఖరికి మగ్గమే నడిమికి విరిగింది."

ఆమె చెయ్యి ఆగింది. "ఈ మాట ఇంటివా?" అంది మొగునితో.

"ఆ మొగం సూస్తే తెలీలా? నోరు తెరిస్తే అబద్ధమే."

అయినా సాయంత్రానికి ట్యాంకు నా సంచిలోకి వచ్చింది. ఆమె ఇప్పించింది. పక్కనున్న అంగడి తక్కెట్లో తూచి, సరిగ్గా అంతే బరువుండే నల్లరాయి వెతికి, అదే దారంతో అదే చోట కట్టి వచ్చినాను. అన్యాయం చేయలేదు గదా అనుకున్నాను.

పదిరోజులకు బండాయన కబురు తెచ్చినాడు. "అన్నా, నిన్ను రమ్మంటాండారు. ఆమె చేతిలో పొరక ఉండె, సూసుకో."

పోతే, చీర చూపించినారు. ఒకచోట దట్టం, ఒకచోట జల్లెడ. కొనే షావుకారు వెనక్కి పంపినాడంట. పోగులు కూడా తెగుతున్నాయి.

"యుద్ధం బండి ఉంటే పోగులు తెగుతాయంటివి," అంది ఆమె. "అది పోయినంక గదప్పా తెగుతాండేది! ఏ బళ్లారిలో సూసినావు?"

నా అబద్ధం తలకిందులై నిజం కావడం అదే మొదలు. రాయిని మళ్లా తూచినాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఇంకో రాయి కట్టి చూసినాను. ఇనుపముక్క కట్టినాను. వానగాలికి నూలు చెమ్మగిల్లిందేమో అన్నాను. దారం మార్చినాను. ఏం చేసినా గుడ్డ అట్లనే వస్తా ఉంది. బరువనేది బరువే గదా, ట్యాంకుదైతే ఏమి, రాయిదైతే ఏమి?

ఆయన మాత్రం అరవలేదు. అదే నన్ను పొడిచింది.

"రాయిదేం తప్పు లేదప్పా," అన్నాడు. "నా సెయ్యే పోయింది. కండ్లు మసకలై రెండేండ్లాయె. సెయ్యన్నా ఉందిలే అనుకుంటి. ఈ చీర దించేసి మగ్గం ఇప్పేస్తా."

అప్పుడే ట్యాంకు తిరిగి ఇచ్చేయాల్సింది. ఇయ్యబుద్ధి కాలేదు. సీసపు ముక్కకూ ఆయన చేతికీ సంబంధమేమని వాదించుకుంటా ఆదోనికి వచ్చేసినాను.

మరుసటి మధ్యాహ్నం అన్నం తింటా ఉంటే, మా గోడ పక్కనున్న జిన్నింగు మిల్లులో ఇంజను మొదలైంది. అది తిరిగితే మా ఇంట్లో చెంబులు కూడా వణుకుతాయి. గోడకున్న పలక మీద పదకొండు బండ్లూ మూగగా అదిరినాయి. ట్యాంకు ఒక్కటే టిక్కు, టిక్కు అంది. ఆ వదులు చక్రం.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ శబ్దం యాడనో విన్నాను. ఆ ఆదివారం ఆయన నాతో మాట్లాడతా, కన్నెత్తి గుడ్డ వైపు కూడా చూడకుండా నేస్తా ఉంటే, పోగును బిగించే దెబ్బ దెబ్బకూ మగ్గం అదిరి టిక్కుమంటా ఉండె. కండ్లు కనబడని మనిషి దాన్ని వింటా దెబ్బ సమంగా కొడతాండేవాడా? ఆ సంగతి ఆయనకే తెలియదా? లేక ఇది కూడా నేను అల్లుతున్న కథేనా? అట్లనే ఉంది మరి, అచ్చం నేను అల్లేవాటిలాగే. ఇంకొకరు చెప్పి ఉంటే నేనే నమ్మను.

చెయ్యి కడుక్కుని బస్సెక్కినాను.

రాయి విప్పి ట్యాంకు కట్టినాను. ఆయన మగ్గం గుంటలోకి దిగి, ఇష్టం లేకుండానే నాడె విసిరినాడు. టిక్కు. రెండో దెబ్బ. టిక్కు. ఇరవై ముప్పై దెబ్బలయ్యేసరికి వంగిన వీపు కొంచెం నిటారైంది. ఆమె వచ్చి గుడ్డ మీద వేలితో తడిమి చూసి, కండెల దగ్గరికి పోయి కూర్చుంది.

"అన్నా, ఆ చక్రం శబ్దమే," అని మొదలుపెట్టినాను.

"మళ్లా అందుకున్నావా?" అన్నాడాయన. "ఆ రాళ్లు మంచివి గావు, అంతే. నువ్వు మంచి రాయి తెచ్చే మొగమా?"

ఆయన మొగంలోకి చూసినాను. తెలిసే అంటున్నాడో, తెలియకనో అంతుపట్టలేదు. చక్రం సందులో ఇంత దూది పెట్టి, శబ్దం ఆపి చూస్తే తేలిపోతుంది. వేళ్ల మధ్య దూది నలిపినాను కూడా. చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాను.

పలక మీద పన్నెండో చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. వచ్చినవాళ్లు అడిగితే ఉన్నదున్నట్టు చెప్తాను. ట్యాంకు ఎమ్మిగనూరులో డ్యూటీలో ఉంది, ఒక నేతగానికి తాళం వేస్తా ఉంది అని. కడుపు పట్టుకుని నవ్వుతారు.

"ఇది మరీ పెద్ద కోతప్పా," అంటారు. "ఆ చీమల సంగతి సెప్పు."