పట్టపగలు పడుకున్న కోడలు

గంజి వారుస్తూ నిలబడే నిద్రపోయాను. ఒక్క క్షణమే. కళ్లు తెరిచేసరికి పక్కన కూర్చున్న మా మూడేళ్ల పద్మ పాదం మీద గంజి పడింది. దాని ఏడుపు విని మా అత్త పరుగెత్తుకొచ్చింది. నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకేదో జబ్బు చేసిందని ఆ రోజే తెలిసింది.

అప్పటికే ఏడాదిగా తల తిరిగేది, గుండె దడదడలాడేది. నస్పూర్‌లో మా ఇంట్లో బొగ్గుబాయికి పోయేవాళ్లు ముగ్గురు: మా ఆయన, ఇద్దరు మరుదులు. ముగ్గురివీ మూడు షిఫ్టులు, అవీ వారం వారం మారేవి. ఎవరు ఎప్పుడు బయలుదేరినా వేడన్నం కట్టాలి, ఎవరు ఎప్పుడు వచ్చినా వేడినీళ్లు ఉండాలి. పగలు ఎవరో ఒకరు పడుకునే ఉంటారు కాబట్టి కోళ్లను, పిల్లలను అదిలిస్తూ గుమ్మంలో కూర్చునేదాన్ని. నువ్వెప్పుడు పడుకుంటావని ఎవరూ అడగలేదు. నాకూ ఆ ఆలోచన రాలేదు.

వారం తిరక్కుండా పద్మను పెద్దపల్లిలో తల్లిగారింటికి, మా అవ్వ దగ్గరికి పంపేశాను. ఎవరూ పంపమనలేదు. నా చేతులంటే నాకే భయమేసింది.

ఆ తర్వాత అన్నీ దవాఖానలే. బ్లడ్ టెస్ట్ చేసి రక్తం తక్కువన్నారు. ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. ఇంజెక్షన్లకు రెండు చేతులూ గడ్డలు కట్టాయి, టానిక్ సీసాలు ఖాళీ అయ్యాయి, తాయెత్తు కూడా కట్టించుకున్నాను. అలసట మాత్రం రవ్వంత తగ్గలేదు.

చివరికి కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ బి.పి. చూసి, కాగితాలన్నీ పక్కన పెట్టి, రోజుకు ఎన్ని గంటలు పడుకుంటావని అడిగింది. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. ముక్కలు ముక్కలుగా మూడు, మూడున్నర.

"ఇంట్ల అందరి నిద్రకు నువ్వు కావలున్నవు. నీ నిద్రకు ఎవరున్నరమ్మా?"

నాకు ఏడుపొచ్చింది. రక్తానికి మాత్రలు రాసి, రాత్రి ఆరు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు తప్పకుండా పడుకోమంది. వెంట వచ్చిన మా ఆయన అంతా విన్నాడు. ఇంటికొచ్చాక తమ్ముళ్లను కూర్చోబెట్టుకుని నాతో అన్నాడు: "పొద్దుగాల ఒక్కసారే రొట్టెలు చెయ్యి. సల్లగైనా తింటం. నీళ్లు మేమే కాగవెట్టుకుంటం."

తీరా పడుకుంటే నిద్ర రాలేదు. నెల రోజులు నా చెవులు తలుపు దగ్గరే ఉన్నాయి. నిద్రమాత్ర అడిగితే డాక్టరమ్మ ఇవ్వలేదు. అలవాటు తప్పింది, రోజూ ఒకే వేళకు పడుకుంటే నిద్ర అదే వస్తుందంది. దానికి తోడు మా అత్తకు సిగ్గు. పట్టపగలు కోడలు పడుకుందని చెప్పలేక, వచ్చినవాళ్లకు దుకాణానికి పోయిందని చెప్పేది. ఒకసారి పక్కింటామె, వచ్చేదాకా ఉంటానని అరుగు మీద తిష్ఠ వేసింది. నేను లోపల దగ్గు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మెల్లగా నిద్ర వచ్చింది, గుండెదడ తగ్గింది. మూడో నెలలో పద్మను తెచ్చుకున్నాను. ఎత్తుకోవడానికి జంకాను గానీ, అదే చేతులు చాచింది. పాదం మీద మచ్చ ఇంకా ఉంది.

అలసట ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మీకు చెప్పేది ఒక్కటే: దవాఖానకు పోతే, ఎన్ని గంటలు నిద్రపోతున్నారో వాళ్లు అడగకముందే చెప్పండి.

మొన్న మధ్యాహ్నం పద్మను పక్కలో వేసుకుని పడుకున్నాను. పక్కింటామె వచ్చి కోడలేది అని అడుగుతోంది. గుమ్మంలోంచి మా అత్త గొంతు వినిపించింది.

"పండుకున్నది. లేపను. పొద్దూకినంక రా."

నేను అటు తిరిగి మళ్లీ నిద్రపోయాను.